చేలలోని మందు - చెరువులోని చేప

విదేశములకు పోవు గుంటూరు మిరపకు నేడు పరీక్షలున్నవి. సుగంధద్రవ్యముల బోర్డువారు గుంటూరులోనే ప్రయోగశాలను నడుపుచున్నారు. పురుగుమందు శేషము హద్దు మీరినచో ఐరోపా దేశములవారు సరకును త్రిప్పి పంపుదురు గనుక వర్తకుడు జాగరూకుడై యున్నాడు. ఆ మిరపచేను మీదుగా పారిన వాననీరు చేరు చెరువులోని చేపకు మాత్రము అట్టి పరీక్ష నిర్బంధము గాదు. దానిని తినువారము మనమే. పరుల పళ్లెరమునకు గల రక్షణ మన పళ్లెరమునకు లేకుండుట న్యాయమా?

ఈ దుస్థితి యొక్కనాట వచ్చినది గాదు. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప గుంటూరు, ప్రకాశము మండలముల మెట్టభూములకు జలయోగము కలిగినది. నల్లరేగడిలో ప్రత్తి, మిరప విస్తరించినవి. వానితోబాటు మందుల పిచికారియు విస్తరించినది. 1980 తరువాత సింథటిక్ పైరిత్రాయిడులు వచ్చినవి. కొలది యేండ్లకే పురుగు వానికి లొంగకపోవుటయు, తెల్లదోమ విజృంభించుటయు, 1987 ప్రాంతమున అప్పులపాలైన ప్రత్తిరైతులు ఆత్మహత్యలకు పాల్పడుటయు ఈ సీమ మరువరాని చరిత్రము. 2002లో బీటీ ప్రత్తి వచ్చి కాయతొలుచు పురుగు మందును కొంత తగ్గించినది. కాని 2021-22లో మిరపపై నల్లతామర పురుగు పడగా రైతులు మందుపై మందు కొట్టిరి. తరములు త్వరత్వరగా మారు పురుగు మందునకు అలవాటుపడినది. చేపకు అంతటి వేగము లేదు.

మందు డబ్బాపై నుండు రంగు త్రికోణమును మా పాఠకులెరుగుదురు. 1971 నాటి నిబంధనల ననుసరించి ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు విషతీవ్రతను తెలుపును. అయితే ఆ తీవ్రతను ఎలుక మొదలగు జంతువులపై నిర్ణయింతురు, చేపపై గాదు. ఉదాహరణమునకు సైపర్‌మెత్రిన్‌ను తీసికొనుడు. మనుష్యుని దేహము దీనిని త్వరగా విరుగగొట్టును. చేప దేహమున కాశక్తి కడు స్వల్పము. లీటరు నీటిలో కొలది మైక్రోగ్రాములున్నను నాలుగు దినములలో సగము చేపలు చచ్చునని ప్రయోగశాల పరీక్షలు తెలుపుచున్నవి. ఒక్క గ్రాము 10 లక్షల లీటర్లలో కలసినచో లీటరునకు ఒక మైక్రోగ్రామగును. ఎకరము ప్రత్తికి ఒక పర్యాయము కొట్టు మందులో అసలు విషము సుమారు 20 గ్రాములుండును. ఇది చాలవరకు మట్టినంటి యుండుననుట నిజమే. కాని పిచికారియైన మరునాడే జడివాన కురిసి మట్టియే కొట్టుకొనిపోయినచో విషమును దానివెంటనే పోవును.

లోహముల సంగతి వేరు. మిరప కాయకుళ్లునకు కొట్టు కాపర్ ఆక్సీక్లోరైడులోని రాగి గాని, ఫాస్ఫేటు ఎరువులలో మలినముగా వచ్చు కాడ్మియము గాని ఎన్నటికిని విరిగిపోవు పదార్థములు గావు. రాగి మోతాదు మించినచో మొప్పలను చెరచి చేప రక్తములోని లవణముల పొందికను తప్పించును. కాడ్మియము కాలేయమునందును మూత్రపిండములందును పేరుకొనును. తక్కినది ఒండ్రులో దిగును. వేసవిలో ఆ చెరువుమట్టినే మరల చేలకు తోలుకొందుము. పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మన పూర్వులు మత్స్యన్యాయమనిరి. డి.డి.టి. వంటి, క్రొవ్వులో నిలుచు పాతమందుల విషయమున చిన్నచేపలలోని విషము కొర్రమట్టలో కుప్పబడుట ఆ న్యాయమునకు క్రొత్త వ్యాఖ్యానము. డి.డి.టి.ని సేద్యమున 1989లో నిషేధించిరి. ఎండోసల్ఫానును 2011 మేలో సుప్రీంకోర్టు ఆపినది. ఒక్కొక్క నిషేధమునకు ఎన్నియేండ్లు పట్టెనో గమనింపదగును.

చట్టము లేకపోలేదు. చేపను పట్టుటకో చంపుటకో ఉద్దేశించి నీట విషము కలపినవానిని 1897 నాటి మత్స్య చట్టము శిక్షించును. ఉద్దేశము లేకయే చేనినుండి జారిన విషమునకు అందు చోటు లేదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ఫ్యాక్టరీ గొట్టమును చూపి పట్టగలదు. వేయి చేలనుండి వేయి పాయలుగా దిగు నీటికి ఏ గొట్టమును చూపుదురు?

రైతును దోషిగా నిలుపుట మా యుద్దేశము గాదు. అప్పిచ్చువాడు, మందు నమ్మువాడు, సలహా చెప్పువాడు ఒక్కడే యైనచోట రైతునకు వేరు దారి యేది? అయినను భూవసతి గలవారు కాపాడుకొన్న పంటకు వెలను, చెరువును పాటకు దీసికొన్న మత్స్యకార సంఘము చెల్లించుట ధర్మము గాదు. చేపలు తేలిన ప్రొద్దున "ఎండకు చచ్చినవి" యనుట సులభము. నీటిలో ప్రాణవాయువు తగ్గియు చేపలు చచ్చుట కలదు. ఏది కారణమో పరీక్ష వలననే తేలవలెను.

కావున మా కోరికలు మూడు. డబ్బాపై త్రికోణము ప్రక్కనే చేపకు గల ప్రమాదమును తెలుపు గుర్తును ముద్రింపవలెను. పిచికారీల కాలమునకు ముందును వెనుకను మత్స్యశాఖవారు చెరువునీటిని, ఒండ్రును, చేపను పరీక్షించి ఫలితమును తెలుగున పంచాయతీ గోడపై నంటింపవలెను. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో ఈ విషయమున చిరకాలముగా పరిశోధన జరుగుచున్నది. ఆ పాండిత్యమును ఆంగ్ల వ్యాసములనుండి ఊరి చెరువుగట్టునకు రప్పింపవలెను. ఇక మూడవది మన చేతిలోని పని: కాలువలో స్ప్రేయరు కడుగరాదు, మబ్బుపట్టిన దినమున మందు కొట్టరాదు, చెరువువైపు గట్టున నాలుగు బారల పచ్చిక విడువవలెను. ఆ కాలువనీరే వేసవి చెరువులలో నిలిచి మన బిందెలలోనికి వచ్చుచున్నది. నేడు చేపకై అడుగనివారు రేపు తమ బిడ్డలకై అడుగవలసి యుండును.