తొలి వార్డు మన ఇల్లే

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చిపడ్డాయి. బర్డ్‌ఫ్లూ అని పరీక్షల్లో తేలింది. మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప అదే హెచ్‌5ఎన్‌1 వైరస్‌ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఈ రెండు వార్తల నడుమ, జనం భయం పోగొట్టేందుకు కొన్ని పట్టణాల్లో చికెన్‌ మేళాలు జరిగాయి. జనం బారులు తీరి ఉచితంగా వడ్డించిన చికెన్‌ తిని వెళ్లారు. బాగా ఉడికిన మాంసంతో వైరస్‌ రాదన్నది నిజం కాబట్టి మేళాలను తప్పుపట్టనక్కర్లేదు. కోడి ధర కోలుకోగానే ఫ్లూ ఊసే ఎత్తకపోవడం మాత్రం తప్పే.

ఆ వైరస్‌ మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే గుణం ఇప్పటికైతే సంపాదించలేదు. కానీ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు ఎప్పటికప్పుడు రూపు మార్చుకుంటాయి. పక్షుల్లోనో పందుల్లోనో తిరిగే రకం మనుషుల మధ్య పాకడం మొదలుపెట్టిన రోజున, దాన్ని మునుపెన్నడూ ఎరగని మన ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు. 1918, 1957, 1968, 2009. నూరేళ్లు నిండకముందే నాలుగుసార్లు ఫ్లూ మహమ్మారిగా మారింది. ఐదోసారి ఎప్పుడొస్తుందో ఏ శాస్త్రవేత్తా తేదీ చెప్పలేడు. ఆ రోజు ఆస్పత్రిలో మంచం దొరుకుతుందన్న ధీమాతో కూర్చోకుండా, ఊళ్లో జ్వరాలు లేని ఈ రోజుల్లోనే ప్రతి ఇల్లూ సిద్ధం కావాలన్నది మా దృఢాభిప్రాయం. సిద్ధం కావాలనుకున్నా కాలేని ఇళ్లకు అడ్డుగా ఉన్న రెండు అవరోధాలను ప్రభుత్వాలు తొలగించాలన్నది అంతే గట్టి డిమాండు.

1918 జూన్‌లో బొంబాయి రేవు దగ్గర పోలీసు సిపాయిల జ్వరాలతో బయటపడ్డ ఫ్లూ రైళ్లెక్కి దేశమంతా తిరిగింది. సెప్టెంబరులో మొదలైన రెండో విడత ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. దేశంలో చనిపోయినవారు కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. జనగణన చరిత్రలో దేశ జనాభా పెరగకపోగా తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే. నిజాం రాజ్యంలో 1911లో కోటీ 33 లక్షలకు పైగా ఉన్న జనం 1921 నాటికి కోటీ 24 లక్షల చిల్లరకు పడిపోయారు. ప్లేగు, కరువులకు ఫ్లూ తోడైన ఫలితమది.

ఆ లెక్కల్లో అంతగా చర్చకు రాని అంశం ఒకటుంది. మన దేశంలో ఆ ఫ్లూకు మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా బలయ్యారు. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు, మంచాన పడ్డవాళ్లందరికీ సేవ చేసే బాధ్యత, రెండూ వాళ్లవే కావడం అందుకు కారణాలుగా చెబుతారు. వందేళ్లు దాటినా ఇంట్లో జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది, జావ కాచేది, రాత్రి మేలుకునేది అమ్మో కోడలో. కాబట్టి మహమ్మారికి సిద్ధం కావడమంటే ముందుగా తేల్చుకోవలసింది మాస్కుల సంగతి కాదు, సేవ ఎవరు చేస్తారన్న సంగతి. గర్భిణికి, అరవై దాటినవారికి, షుగరో ఆస్తమానో ఉన్నవారికి ఆ పని అప్పగించకూడదు. ఆరోగ్యంగా ఉన్న ఒకరు రోగిని చూసుకోవాలి. వాళ్లూ పడిపోతే ఎవరన్నది కూడా ముందే అనుకోవాలి. ఇంట్లో మగవాళ్లకు గంజి కాచడం రాకపోతే నేర్చుకోవలసిన సమయం ఇదే. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడితే గుక్కెడు నీళ్లిచ్చే చేయి ఉండదు.

వేరే గది ఉన్న ఇంట్లో రోగిని కిటికీ ఉన్న గదిలో ఉంచడం తేలిక. మన ఇళ్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. ఒంటిగది ఇంట్లో రోగి మంచాన్ని కిటికీ పక్కకు జరపాలి. పక్కన పడుకోక తప్పనివారు రోగి కాళ్లవైపు తల పెట్టుకుని పడుకోవాలి. తలుపూ కిటికీ ఎదురెదురుగా తీసి గాలి ఆడనివ్వాలి. చలిజ్వరమని దుప్పట్లు కప్పి, తలుపులు బిగించి, చుట్టూ బంధువులు కూర్చుని పరామర్శించడం మనకున్న పాత అలవాటు. వైరస్‌కు అంతకంటే అనుకూలమైన ఏర్పాటు మరొకటి లేదు. ఫ్లూ సోకినవారు లక్షణాలు బయటపడటానికి ఒకరోజు ముందునుంచే, ఆ తర్వాత ఐదారు రోజుల దాకా ఇతరులకు అంటించగలరు. మాత్ర వేసుకోకుండానే జ్వరం పూర్తిగా తగ్గి ఒక రోజు గడిచేదాకా పనికి గానీ బడికి గానీ పంపకూడదు. రోగీ, సేవ చేసేవారూ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. చేతులకు మామూలు సబ్బు చాలు. వైరస్‌ పైపొర కొవ్వుతో చేసినది కాబట్టి ఇరవై సెకన్లు రుద్ది కడిగితే అది చెదిరిపోతుంది.

మందుల అర విషయంలో మన వాళ్ల తీరు తలకిందులుగా ఉంటుంది. ఉండవలసినవి ఉండవు, ఉండకూడనివి ఉంటాయి. బీపీ, షుగర్‌ మాత్రలు రేపటితో అయిపోతాయనగా షాపుకు పరుగెత్తేవారు ఆ మాత్రల్ని ఎప్పుడూ నెలకు సరిపడా ఉంచుకోవాలి. థర్మామీటరు, ఓఆర్‌ఎస్‌ పొట్లాలు, పారాసెటమాల్‌, వీలైతే ఆక్సీమీటరు ఉంటే చాలు. పారాసెటమాల్‌ పెద్దవారికైనా రోజుకు నాలుగు గ్రాములు మించితే కాలేయానికి చేటు. జలుబు మాత్రల్లోనూ అదే మందు కలిసి ఉంటుందని గమనించక రెండూ వేసుకునేవారెందరో. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్‌ అసలే ఇవ్వకూడదు. ఇక ఒళ్లు వెచ్చబడితే చాలు షాపువాడిని అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌ వైరస్‌ మీద పనిచేయదు. ఫ్లూ వెనకాలే బ్యాక్టీరియా న్యుమోనియా వస్తే దానికి కావాలి, అదైనా డాక్టరు చూశాకే. ఒసెల్టామివిర్‌ అనే మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ మేలు చేస్తుంది. వృద్ధులు, గర్భిణులు, చిన్నపిల్లలు, దీర్ఘరోగులున్న ఇల్లు ‘రెండ్రోజులు చూద్దాం’ అని వాయిదా వేస్తే ఆ గడువే దాటిపోతుంది.

ఆస్పత్రికి ఎప్పుడు పరుగెత్తాలన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నీలిరంగుకు మారడం, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, ఆక్సిజన్‌ 94కు దిగువకు పడిపోవడం, మూత్రం బాగా తగ్గడం ప్రమాద సంకేతాలు. తగ్గిందనుకున్న జ్వరం దగ్గుతో తిరగబెడితే అది మరీ ప్రమాదం. ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డ నిమిషానికి నలభై సార్లకు మించి ఊపిరి తీస్తుంటే, అంతకంటే చిన్నబిడ్డ యాభైకి మించి తీస్తుంటే ఇంక ఆగకూడదు. రెండు నెలలు నిండని పసికందుకైతే ఆ హద్దు అరవై. ఈ లెక్క ఆశా కార్యకర్తలకు తెలుసు, తల్లులకూ తెలియాలి.

తెలుగునాట మరో రకం ఇళ్లున్నాయి. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఆ పెద్దలు ఎంత ఒంటరివాళ్లో అందరం చూశాం. డబ్బు పంపినంత మాత్రాన సరిపోదని ఆ పిల్లలకు అప్పుడే అర్థమై ఉండాలి. పక్కింటివారితో ముందే మాట్లాడుకోవడం, రోజుకు రెండుసార్లు ఫోను చేస్తామన్న ఒప్పందం, ఆరోగ్యశ్రీ కార్డు, మందుల చీటీ, 108తో పాటు ఏఎన్‌ఎం నంబరు తలుపు వెనక అతికించి ఉంచడం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవారికి 2009 సమాధానం చెబుతుంది. స్వైన్‌ఫ్లూ తొలి కేసు మన దేశంలో బయటపడింది హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే నెలలో. జూన్‌ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో తయారైన టీకా బజారులోకి వచ్చింది 2010 జూన్‌లో. ఆగస్టులో మహమ్మారి ముగిసిందని అదే సంస్థ ప్రకటించింది. అంటే దాదాపు ఆ కాలమంతా జనం సొంత టీకా లేకుండానే నెట్టుకొచ్చారు. మహమ్మారి పోయినా వైరస్‌ పోలేదు. 2015లో దేశవ్యాప్తంగా 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు కాస్త తక్కువగా మరణాలు నమోదయ్యాయి. ఇక కొవిడ్‌ రెండో అల. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్‌ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. అదే నెలలో కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలాదిమంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. చేతులు కాలాక ఆకుల కోసం వెతకడమంటే అదే. ఆ జనాన్ని వెక్కిరించడం తేలిక. నమ్మదగిన మాట ముందుగా ఎవరూ చెప్పని చోట ఎవరైనా ఏదో ఒకదాన్ని పట్టుకుంటారు.

ఇంటి బాధ్యత గురించి ఇంత చెప్పింది ప్రభుత్వాల బాధ్యత తగ్గించడానికి కాదు. మేమడిగేవి రెండు. మొదటిది టీకా. ఏటేటా వేసుకోవలసిన ఫ్లూ టీకా జాతీయ ఉచిత టీకాల పథకంలో లేదు. ప్రైవేటు ఆస్పత్రిలో సొంత డబ్బు పెట్టి వేయించుకోవాలి. పింఛను మీద బతికే ముసలమ్మ ఆ పని చేయదు. ఈ టీకా కొత్తగా పుట్టే మహమ్మారి వైరస్‌ను ఆపకపోవచ్చు. కానీ ఏటా వానాకాలంలోనూ చలికాలంలోనూ వచ్చే మామూలు ఫ్లూ నుంచి వృద్ధుల్నీ గర్భిణుల్నీ చాలావరకు కాపాడుతుంది, ఆస్పత్రుల మీద బరువు తగ్గిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్దలకు టీకా వేసే అలవాటును మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు నేర్పుతుంది. కొత్త టీకా వచ్చిన రోజున కావలసింది ఆ అలవాటే. అరవై దాటినవారికి, గర్భిణులకు, దీర్ఘరోగులకు రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని ఉచితంగా ఇవ్వాలి. వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే ఇవ్వాలి.

రెండోది కూలి. నెలజీతగాళ్లలో ఈఎస్‌ఐ ఉన్నవారికి జబ్బు చేస్తే జీతంలో 70 శాతం దాకా, ఏడాదికి 91 రోజుల వరకు భత్యం వస్తుంది. అడ్డా మీద నిలబడే మేస్త్రీకి, నాట్లకు వెళ్లే కూలీకి, ఇళ్లలో పనిచేసే మనిషికి, ఆటో నడిపేవాడికి ఆ దారి లేదు. జ్వరంతో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే నాలుగు రోజులు పొయ్యి వెలగదు. ‘రెండు వారాలకు సరిపడా సరుకులు తెచ్చిపెట్టుకోండి’ అన్న సలహా కొట్లో రోజుకో పావు కిలో పప్పు కొనేవారికి వెటకారంలా వినిపిస్తుంది. అలాంటివారు మాత్ర మింగి పనికి వెళతారు, పనిచోట పదిమందికి అంటిస్తారు. అది వారి నేరం కాదు. 2020 మార్చిలో నాలుగు గంటల వ్యవధిలో దేశాన్ని మూసేసి, వలస కూలీలను రోడ్ల వెంట నడిపించిన అనుభవం ఉండి కూడా ఇప్పటిదాకా కూలీలకు అలాంటి భత్యానికి ఒక ఏర్పాటు చేయకపోవడం క్షమించదగినది కాదు. మహమ్మారి ప్రకటించిన నాటినుంచి జ్వరంతో ఇంట్లో ఉండే కూలీకి రోజుకూలి, ఇంటికి రెండు వారాల రేషను ముందస్తుగా ఇచ్చేలా ఇప్పుడే జీవో తయారుచేసి పెట్టుకోవాలి.

అరవై దాటినవారికి ఉచిత టీకా, జ్వరపడ్డ కూలీకి రోజు భత్యం రెండూ బడ్జెట్‌లో అంకెలుగా కనిపించేదాకా, ‘ఇంట్లోనే ఉండండి’ అని ప్రజలకు చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.