రంగు తర్వాత, ముందు రింగు సంగతి చూద్దాం

పోయిన దసరాకు అందరం పద్మానగర్ ఇంట్లో కలిసినప్పుడు పెద్దబాపు టెంపో మాట వచ్చింది. టాటా 407. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చింది 1986లో, మన ఇంటికి సెకండ్ హ్యాండులో వచ్చింది ఇంకొన్నేళ్లకు. నూలు మూటలు, భీములు, గ్రే బట్ట తాన్లు వేసుకుని అంజూర్ ఫాటాకూ కళ్యాణ్ నాకాకూ మధ్య ఎన్ని ట్రిప్పులు కొట్టిందో లెక్క లేదు. ఇప్పుడు సాంచాల షెడ్డు వెనక నిలబడి ఉంది. దాన్ని బాగు చేసి ఇంటి గుర్తుగా పెట్టుకుందామని చిన్నోళ్లు అన్నారు, అందరం సరే అన్నాం. చక్రాల దగ్గరే మాట తేడా వచ్చింది. మా పక్షం ఏంటో ఇక్కడ రాసి పెడుతున్నాం. ఫోన్ గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల కింద పోతది.

(బాపు దొడ్డబళ్ళాపురంలో సాంచాల మీద పనిచేసిన ఏళ్లల్లో మా చదువు కన్నడ మీడియంలో సాగింది. తెలుగు రాత తర్వాత నేర్చుకున్నదే. తలకట్టు అటూ ఇటూ అయితే సర్దుకోండి.)

కారు చక్రంలాగా ఈ చక్రం ఒకటే ముక్క కాదు. ఒక పక్క అంచు విడిగా వచ్చే ఉక్కు రింగు. టైరు, ట్యూబు, ఫ్లాప్ ఎక్కించినంక ఆ రింగును డిస్కు అంచున ఉన్న గాడిలో కూర్చోబెడతారు. లోపలి గాలి టైరును రింగు మీదికి తోస్తది, రింగు గాడిలో బిగుసుకుంటది. బోల్టు ఉండదు, నట్టు ఉండదు. గాడి తుప్పుపట్టి అరిగినా, రింగు వంకరపోయినా పట్టు తప్పినట్టే.

లెక్క వేసి చూడండి. 80 పౌండ్ల గాలి అంటే ఒక్కో చదరపు అంగుళం మీద 36 కిలోల తోపు. 16 అంగుళాల రింగు చుట్టుకొలత 50 అంగుళాలు. ఒక్క అంగుళం వెడల్పు మీద పడే తోపే తీసుకున్నా 1800 కిలోలు. దాన్ని ఆపేది ఆ గాడి ఒక్కటే.

ఇది మన ఇంటికి కొత్త సంగతి కాదు. పెద్దబాపు కుడిచేతి రెండు వేళ్లు ఎట్ల పోయాయో పెద్దోళ్లందరికీ తెలుసు, చిన్నోళ్లకు సాంచాలో పోయాయని చెప్పి ఊరుకున్నాం. సాంచాలో కాదు. ఒక పంచరు షాపులో, గాలి నింపుతుంటే రింగు లేచింది. గాలి కొట్టే పిల్లవాడు అప్పుడే పానా కోసం వంగాడు కాబట్టి బతికాడు. రింగు పైరేకుకు తగిలి పడింది. ఆ సొట్ట రేకులు మార్చేదాకా అట్లనే ఉండేది, మేం చూశాం.

ఇప్పుడు తమ్ముళ్లు ఒక గడ్డపార, ఒక సమ్మెట, వీడియోలో చూసిన ధైర్యంతో ఈ చక్రాలు విప్పుతామంటున్నారు. మేం వద్దంటున్నాం. విప్పొద్దని కాదు, పనిముట్లు లేకుండా విప్పొద్దని.

ముందు వాల్వ్ పిన్ను తీసే చిన్న పానా కావాలి. పిన్ను పూర్తిగా బయటికి తీసి, వాల్వులో తీగ దూర్చి గాలి ఆగిపోలేదని చూసుకున్నంకనే రింగు ముట్టాలి. చేతక్ స్కూటర్‌కు కూడా ఇదే పద్ధతి. రెండు సగాలు కలిపి బిగించిన చక్రం కదా అది, గాలి తీయకుండా వేరే నట్లు విప్పితే ఏమైతదో బాపును అడగండి. తర్వాత రెండు టామీలు. ఒకటి కొన వంగి చదునుగా ఉండాలి, రింగు చీలిక దగ్గర దూరేందుకు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గాడి అంచు చెడుతది. టైరు అంచును విడగొట్టేందుకు ముక్కు ఉన్న సమ్మెట వేరే దొరుకుతది. ముంబైలో నాగ్‌దేవి వీధిలో తిరిగితే ఇవన్నీ దొరకాలి.

గాలి నింపేటప్పుడు నాజిల్ దానంతట అదే పట్టుకుని ఉండాలి, మీటరూ వాల్వూ పొడుగు పైపు మధ్యలో ఉండాలి, మనిషి చక్రానికి ఎదురుగా నిలబడకూడదు. చక్రం ఇనుప బోనులో ఉండాలి. అమెరికాలో ఓషా 1980లోనే ఈ చక్రాలకు బోను తప్పనిసరి చేసింది. బోను మాత్రం మనం కొనొద్దు, వెల్డింగ్ షాపులో చెయ్యించొద్దు. హైవే మీద బోను ఉన్న టైరు షాపుకు తీసుకెళ్లి నింపిద్దాం, ఇందులో నామోషీ ఏమీ లేదు.

రంగు పని మామూలుదే. తుప్పు ఇసుకతో కొట్టించి, పలుచగా ప్రైమర్ వేసి రంగు వెయ్యాలి. గాడిలోనూ నట్లు కూర్చునే చోటా రంగు మందంగా పేరుకోకూడదు, పుట్టీ అసలే వద్దు. పగుళ్లకు వెల్డింగ్, వంకరకు గ్యాసు మంట రెండూ నిషిద్ధం.

అసలు గొడవ వేరే. పెద్దన్న అంటాడు, రింగులు పాతవే ఉండాలి, బాపు చేయి తగిలినవి అని. ఆ మాటకు మాక్కూడా గొంతు పట్టుకుంటది. అయినా ఒప్పుకోం. మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వెర్షన్ కలవని రెండు భాగాలు కలిపితే ఏమైతదో రోజూ చూస్తాం. స్క్రీన్ మీద అయితే ఎర్ర గీత వస్తది, ఇక్కడ వేళ్లు పోతయి. రింగు మీదా డిస్కు మీదా పోసిన కంపెనీ గుర్తులు, సైజులు కలవాలి. మన ఆరు చక్రాల్లో రెండింటికి కలవట్లేదు, ఒక రింగు నేల మీద పెడితే ఆనక ఊగుతోంది. ఈ మూడూ బండికి ఎక్కొద్దు. అదే సైజు, అదే రకం కొత్తవి తెద్దాం. పాతవాటిని ఇంట్లో గోడకు తగిలిద్దాం, పెద్దబాపు ఫోటో పక్కనే.

వచ్చే ఆదివారం నాగ్‌దేవికి పోతున్నాం. డబ్బు పెద్దవదిన దగ్గర జమ చేయండి. అప్పటిదాకా షెడ్డు తాళం మా దగ్గరే ఉంటది.