శ్రీకూర్మం డోలోత్సవానికి రిమైండర్ పెట్టమంటే ఏఐ ఏ డేట్ పెడుతుంది? చిక్కంతా ఆ నాలుగు లైన్లలోనే!

"శ్రీకూర్మం డోలోత్సవానికి ఏటా రిమైండర్ పెట్టు." ఫోన్‌లో ఏఐ అసిస్టెంట్‌కి ఈ ఒక్క మాట చెప్తే చాలు, సెకన్లలో 'పెట్టేశాను' అంటుంది. మనం కూడా హమ్మయ్య అనుకుంటాం. అసలు సంగతి వచ్చే ఏడాది కానీ బయటపడదు.

డోలోత్సవం జరిగేది ఫాల్గుణ పౌర్ణమికి. ఆ పౌర్ణమి 2024లో మార్చి 25న వచ్చింది. 2025లో మార్చి 14న, 2026లో మార్చి 3న. 2027లో మళ్లీ వెనక్కి జరిగి మార్చి 22కి వెళ్తుంది. ఎందుకంటే 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఏఐ గనక 2026 తేదీ పట్టుకుని 'ప్రతి ఏడాదీ రిపీట్' కొట్టేస్తే, 2027 మార్చి 3 పొద్దున్నే మీ ఫోన్ మోగుతుంది. అప్పటికి శివరాత్రి కూడా రాదు. అది మార్చి 6న!

తప్పు ఏఐదేనా? పూర్తిగా కాదు.

ఏఐ ఏజెంట్ అంటే మనతో మాట్లాడటమే కాదు, మన తరఫున పని కూడా చేసే సాఫ్ట్‌వేర్. క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టాలంటే దానికి ఒక 'టూల్' ఇస్తారు. ఆ టూల్ లోపల కోడ్ ఎలా ఉందో ఏజెంట్‌కి సాధారణంగా కనపడదు. కనపడేది డెవలపర్ రాసిన వివరణ మాత్రమే. టూల్ పేరు, అది ఏం చేస్తుంది, టైటిల్ ఎక్కడ, మొదలయ్యే టైమ్ ఎక్కడ, టైమ్ జోన్ ఏంటి, రిపీట్ ఎలా. డాక్యుమెంటేషన్ అంటే ఒకప్పుడు ఎవరూ చదవని ఫైల్. ఇప్పుడు దాన్ని ప్రతిసారీ చదివే పాఠకుడు దొరికాడు, కానీ అందులో లేని చోట సొంతంగా ఊహించేస్తాడు.

రిపీట్ రూల్ సంగతే చూడండి. చాలా క్యాలెండర్ యాప్‌లు నడిచేది 2009లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 5545 మీద. అందులో రిపీట్ అంటే ఇంగ్లీష్ తేదీల లెక్కే. వేరే క్యాలెండర్ల కోసం 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 తెచ్చారు. చైనీస్, హీబ్రూ లాంటివి అందులో పడతాయి. మనకి? 'ఇండియన్' పేరుతో ఉన్నది 1957లో కేంద్రం తెచ్చిన శక క్యాలెండర్. అది సూర్యుడి లెక్క. తిథి, అధిక మాసం దానికి తెలియవు. అంటే ఫాల్గుణ పౌర్ణమిని రూల్‌గా రాయడానికి అక్కడ దారి లేదు. మరి ఏజెంట్‌కి చెప్పాల్సింది ఇంత సింపుల్: "తిథితో వచ్చే పండగలకి ఏటా రిపీట్ పెట్టొద్దు. ఆ ఏడాది తేదీ తీసుకుని ఒక్కసారికే ఈవెంట్ పెట్టు. తేదీ దొరక్కపోతే యూజర్‌ని అడుగు." మూడే వాక్యాలు.

పండగ రిమైండర్ తప్పితే మహా అయితే నవ్వుకుంటాం. పెళ్లి ముహూర్తం తప్పితే?

మన శుభలేఖలు గుర్తు తెచ్చుకోండి. 'శనివారం రాత్రి 2.37 గంటలకు, తెల్లవారితే ఆదివారం' అని ఉంటుంది. పంచాంగంలో రోజు మారేది సూర్యోదయంతో, అర్ధరాత్రితో కాదు. ఫోన్ లెక్కలో అది ఆదివారం 2.37 ఏఎం. శుభలేఖ ఫొటో తీసి 'క్యాలెండర్‌లో పెట్టు' అంటే, టూల్ వివరణలో ఈ సంగతి లేకపోతే ఏజెంట్ ఏం చేయొచ్చు? శనివారం 2.37 ఏఎం అని పెడుతుంది, అంటే సరిగ్గా 24 గంటలు ముందు. లేదంటే శనివారం మధ్యాహ్నం. బెంగళూరు నుంచి శ్రీకాకుళం రావాల్సిన మేనమామ ఆ క్యాలెండర్ చూసి రైలు టికెట్ తీసుకుంటే ఏమవుతుందో మీకే తెలుసు. 'తెల్లవారితే' అన్న ఆ ఒక్క మాట మన పెద్దలు శుభలేఖలో ఊరికే పెట్టలేదు. అదే నిజమైన డాక్యుమెంటేషన్ అంటాను నేను.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి. శ్రీకూర్మంలో ఉదయం 6 గంటలంటే 2026 మార్చి 3న డల్లాస్‌లో ముందు రోజు సాయంత్రం 6.30. 2027 మార్చి 22న అదే ఉదయం 6 గంటలు అక్కడ ముందు రోజు రాత్రి 7.30 అవుతుంది, అప్పటికి వాళ్ల గడియారాలు గంట ముందుకు జరిగిపోతాయి కాబట్టి. అందుకే టైమ్ ఒక్కటే రాస్తే సరిపోదు, 'ఏషియా/కోల్‌కతా' అని జోన్ కూడా ఇవ్వమని టూల్ గట్టిగా అడగాలి.

చిన్నగా కనిపించే ఇంకో గుంత ఉంది. డోలోత్సవం మూడు రోజులు. రోజంతా ఉండే ఈవెంట్‌కి ముగింపు తేదీ ఇస్తే, గూగుల్ క్యాలెండర్ టూల్ ఆ తేదీని లెక్కలోకి తీసుకోదు. నాలుగో రోజు తేదీ ఇస్తేనే మూడు రోజులూ వస్తాయి. ఈ ముక్క వివరణలో లేకపోతే ఆఖరి రోజు ఎగిరిపోతుంది. అలాగే నెట్ స్లోగా ఉండి ఏజెంట్ రెండోసారి ప్రయత్నిస్తే ఒకే ఈవెంట్ రెండుసార్లు పడొచ్చు. పది మందికి ఇన్విటేషన్ మెయిల్స్ వెళ్లే ముందు అడగాలా వద్దా అన్నది కూడా అక్కడే రాయాలి.

భద్రత మాట కూడా. 2025 ఆగస్టులో బ్లాక్ హ్యాట్ సదస్సులో పరిశోధకులు ఒక డెమో చూపించారు. క్యాలెండర్ ఇన్విటేషన్ టైటిల్‌లో దాచిన ఆదేశాలతో గూగుల్ జెమినీని దారి తప్పించి ఇంట్లో లైట్లు ఆర్పించారు. ఈవెంట్‌లో ఉన్న రాతని ఆజ్ఞగా తీసుకోకూడదని టూల్ రాసేవాళ్లు చెప్పాలి. చెప్పినంత మాత్రాన పూర్తిగా ఆగదు, అది వేరే కథ.

ఇదంతా ఐటీ వాళ్ల గొడవ అనుకోవద్దు. ఏపీ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. అందులో దేవాదాయ శాఖ సేవలూ ఉన్నాయి. గుడి పనులు ఫోన్‌లోకి వచ్చేశాక, తేదీలు ఏజెంట్ల చేతిలోకి వెళ్లడానికి ఎంతో టైమ్ పట్టదు. గారలోనో శ్రీకాకుళంలోనో ఉన్నవాళ్లు తెలుగులో, నోటి మాటగా అడుగుతారు. 'ఎల్లుండి పొద్దున్న' అంటారు, 'పౌర్ణమి వెళ్లాక' అంటారు. టూల్ వివరణ రాసేవాళ్ల దగ్గర ఈ మాటల ఉదాహరణలు ఉన్నాయా? ప్రతి ఉగాదికీ ఆలయాల ఉత్సవాల తేదీలన్నీ నేరుగా క్యాలెండర్ ఫైల్‌గా విడుదల చేస్తే సగం తిప్పలు తప్పుతాయి. పంచాంగం ఎలాగూ అచ్చవుతోంది కదా!

ప్రస్తుతానికి చేత్తోనే సేవ్ చేసుకోండి. ఫాల్గుణ పౌర్ణమి, 2027 మార్చి 22, సోమవారం. రిపీట్ ఆఫ్. ఉత్సవం ఏ రోజు ఏంటన్నది మాత్రం ఆలయంలో కనుక్కుని బయల్దేరండి.