ఘాట్ రోడ్డు దిగకుండానే కంప్యూటర్ ల్యాబ్



"మంచి ల్యాప్‌టాప్ లేనిదే ప్రోగ్రామింగ్ రాదు" అనే భయం మన హాస్టళ్లలో బాగా పాతుకుపోయింది. ఈ మాట తప్పని నా అభిప్రాయం.

ప్రోగ్రామ్ రాసే యంత్రం ఒకటి, దాన్ని నడిపే యంత్రం మరొకటి కావచ్చు. బరువైన పనంతా ఎక్కడో ఉన్న సర్వర్ చేస్తుంది. మన ముందున్న పాత కంప్యూటర్ కీబోర్డుగా, తెరగా పనికొస్తే చాలు. ఈ రెంటినీ కలిపే దారే ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక, 1995లో టాటు ఇలోనెన్ అనే పరిశోధకుడు దీన్ని తయారుచేశాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌కు 'రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్' సదుపాయం తెచ్చింది. దానితో సర్వరులోని ఫైళ్లను మన కంప్యూటరులో ఉన్నట్టే తెరిచి దిద్దుకోవచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశం ఇస్తే ఒక జత కీలు తయారవుతాయి. మన ట్రంకుపెట్టెతో పోల్చుకోండి. పబ్లిక్ కీ తాళంకప్ప లాంటిది, దాన్ని సర్వరుకు బిగిస్తాం. ప్రైవేటు కీ తాళంచెవి. అది మన మొలతాడుకే ఉండాలి, ప్రాణస్నేహితుడికైనా ఇవ్వకూడదు.

మారేడుమిల్లి కొండల్లో సిగ్నల్ మాటేమిటంటారా? నిజమే, అది వచ్చిపోతుంటుంది. అయితే ఇందులో ప్రయాణించేవి ప్రధానంగా అక్షరాలే కనుక, వీడియో పాఠాలతో పోలిస్తే డేటా ఖర్చు చాలా తక్కువ. విజువల్ స్టూడియో కోడ్‌కు సర్వరులో కనీసం 1 జీబీ మెమరీ కావాలి. అది లేకపోతే మామూలు టెర్మినల్‌లో నానో, విమ్ చాలు. టీమక్స్ తెరిచి అందులో పనిచేస్తే, లైను తెగినా సర్వరులో పని ఆగదు. మళ్లీ కలిశాక అక్కడి నుంచే అందుకోవచ్చు. సిగ్నల్ బొత్తిగా లేని రోజు కోసం గిట్‌తో ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

కాబట్టి నా విన్నపాలు రెండు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు అందరికీ ల్యాప్‌టాప్‌లు కొనిపెట్టలేకపోవచ్చు. కానీ పదిమంది కలిస్తే ఒక చిన్న లైనక్స్ సర్వర్ అద్దెకు తీసుకుని, ప్రతి విద్యార్థికీ వేరే ఖాతా తెరవగలరు. ఇక కాలేజీల్లో చదువుతున్నవారు, సెలవుల్లో కూడా ల్యాబ్ సర్వరులోకి రానివ్వమని ధైర్యంగా అడగాలి. భద్రత సంగతి ఎత్తితే, పాస్‌వర్డులు ఆపేసి కీలతోనే రానివ్వమని చెప్పాలి. సెలవులకు ఊరొస్తే చదువు ఆగిపోవడం కొండబిడ్డలకే ఎందుకు జరగాలి?

రాజమండ్రి కుర్రాడి ప్రోగ్రామూ మన ప్రోగ్రామూ ఒకే సర్వరులో నడిచేటప్పుడు, ఎవరి ముందు ఎంత ఖరీదైన కంప్యూటర్ ఉందని సర్వర్ అడగదు!