తీతువు ఎందుకు అరుస్తుంది?

పిల్లలూ! రాత్రివేళ ఇంటిమీదుగా తీతువు అరుస్తూ పోతే కీడు జరుగుతుందని మీ అవ్వ అనగా వినే వుంటారు. మరి ఆ పిట్టను పగటిపూట చూసినవారు మీలో ఎందరున్నారు? ఈ నెల మనం కెమెరా పట్టుకుని దాన్ని చూడబోదాం.

హైదరాబాదు శివార్లలో, సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూర్ చెరువు ఉన్నది. చుట్టూ మేడలు లేచినా పక్షులు దాన్ని విడిచిపెట్టలేదు. 2016లో ప్రభుత్వం ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది.

మార్చి నెలలో ఒక ఆదివారం అనుకోండి. పెద్దవారిని వెంటబెట్టుకుని తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. మట్టిరంగు బట్టలు వేసుకోండి. చెరువుకు తూర్పు గట్టున చేరితే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుగు పక్షి ముఖాన పడుతుంది. నిలబడిన మనిషిని చూస్తే పక్షికి భయం. అందుచేత కదలక కూర్చోండి. కాసేపటికి కొంగలు వాటంతటవే దగ్గరకు వస్తాయి.

ఇక ఒక చిన్న లెక్క. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగిరే పక్షి, సెకనులో 50వ వంతులో ఎంత దూరం పోతుంది? 20 సెంటీమీటర్లు. అంతసేపు కెమెరా కన్ను తెరిచివుంచితే బొమ్మ అలుక్కుపోతుంది. 1000వ వంతులో అయితే పక్షి కదిలేది 1 సెంటీమీటరే! అందుకే ఎగిరే పక్షికి ఆ వేగం పెట్టాలి.

అదుగో, గట్టు పక్క బీడులో తీతువు! పొడుగాటి పసుపు కాళ్లు, నల్లని గొంతు, కంటి ముందు ఎర్రని తోలు. మీరు నాలుగు అడుగులు వేశారో లేదో, అరుస్తూ తలమీద చక్కర్లు కొడుతుంది. ఎందుకంటారా? దాని గుడ్లు అక్కడే నేలమీద ఉన్నాయి గనక. అది చెట్టుమీద గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మట్టిలో కలిసిపోయే రంగులో ఉంటాయి. కాలు వేసేదాకా మనకు కనిపించవు.

ఎండ ముదిరితే తల్లిపిట్ట, తండ్రిపిట్ట వంతులవారీగా గుడ్లకు నీడపడతాయి. నీటిలో పొట్ట ఈకలు తడుపుకు వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మంచి ఫోటో కోసం మీరు అక్కడే అరగంట నిలబడ్డారనుకోండి. అవి దిగి రాలేవు. గుడ్లలోని పిల్లలు ఎండకు మాడిపోవచ్చు. ఈలోగా కాకి కూడా చూసిపోతుంది. సెల్‌ఫోనుతో తీసేవారికి ఇంకా దగ్గరకు పోవాలనిపిస్తుంది. పోవద్దు. అరుపు వినగానే వచ్చిన దారినే వెనక్కు నడవండి. ఆ చోటు నలుగురికీ చాటకండి.

ఇంగ్లండులో కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లోనే పక్షి గూటిని గుడ్లతోసహా ఫోటో తీశారు. తరువాత, పక్షులు బెదరకుండా ఉండాలని, ఎద్దు తోలుతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో దాగి కూర్చునేవారు!

పంచతంత్రంలో సముద్రం గుడ్లు ఎత్తుకుపోతే పోరాడిన టిట్టిభం కథ చదివారు గదా? ఆ టిట్టిభమే ఈ తీతువు. అది రాత్రి అరిచేది కూడా ఏ కుక్కో, నక్కో కంటపడినందువల్లనే కావచ్చు. మీ అవ్వకు ఈ సంగతి చెప్పండి. ఆమె ఏమన్నదో నాకు ఉత్తరం రాయండి.