విమానపు మరుగుదొడ్డి వాడుకను తెలుగులో నేర్పవలెను

శంషాబాదు విమానాశ్రయము నుండి గల్ఫుదేశ మొకదానికి బయలుదేరిన విమానములో ఇటీవల జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు పొందిన అవమానమే ఈ కరపత్రమునకు కారణము. తొలిసారి విమానమెక్కిన ఆ బిడ్డ, అలవాటు చొప్పున కడుగుకొనుటకై నీళ్లసీసా వెంటగొని మరుగుదొడ్డికి పోయి, చేతులు తుడుచుకొన్న దళసరి కాగితములను, సీసామూతను అందులోనే విడిచి మీట నొక్కగా గొట్టము పూడుకొనిపోయినది. సిబ్బంది అతనిని నడవలో నిలువబెట్టి, అతనికి రాని భాషలో, విమానములోనివారందరు వినుచుండగా గద్దించిరి. మరల ఆ గదికి పోవలసివచ్చునేమో యను భయముచేత దిగువరకు ఆతడు మంచినీరు కూడ ముట్టలేదు. ఆ విమానసంస్థ పేరు ఇచట వ్రాయుట లేదు. ఏలయన ఇది ఒక్క సంస్థ దోషము కాదు, 2008 మార్చి 23న ఈ విమానాశ్రయమునుండి విమానములు ఎగిరిన నాటినుండి మన కష్టజీవులను గల్ఫునకు చేరవేయుచు, వారి సొమ్ము పుచ్చుకొనుచు, వారితో వారి భాషలో ఒక్క అవసరమైన మాట చెప్పనివారందరి దోషము.

ఆ మరుగుదొడ్డి యంత్రము సంగతి ఒకింత చెప్పక తప్పదు. మన యిండ్లలోని దొడ్డి నీటి బలముతో పారును; బకెట్టెడు నీళ్లు కుమ్మరించిన సామాన్యపు అడ్డము కదలిపోవును. విమానమున అంత నీటిని మోయుట కుదరదు గనుక అచట ఆ పనిని గాలి చేయును. మీట నొక్కగానే అడుగునున్న కవాటము తెరచుకొని, గదిలోని గాలి ఒత్తిడికిని గొట్టములోని తక్కువ ఒత్తిడికిని గల భేదముచేత మలినమంతయు ఒక్క విసురున సన్నని గొట్టముగుండ తొట్టిలోనికి లాగబడును. చెంబెడు నీరైనను ఖర్చుకాదు. మిక్కిలి యెత్తునకు పోయిన పిమ్మట వెలుపలి పలుచని గాలియే ఈ లాగుడుకు చాలును. నేలమీదను, తక్కువ యెత్తునను మోటారు తోడ్పడును. పెద్ద ఓడలలో సైతము ఈ పద్ధతి వ్యాప్తిలో నున్నది. ఇది మలమూత్రములకును, ఆ గదిలో నుంచిన పలుచని కాగితమునకును తప్ప వేరొకదానికి ఉద్దేశింపబడినది కాదు. నీటిలో నానినను విడిపోని చేతికాగితము, గుడ్డపీలిక, పసిపిల్లల డైపరు, పాలిథీను సంచి గొట్టపు మలుపున ఒకసారి చిక్కుకొన్నచో, ఎంత లాగిన అంత బిగియును. పలు గదులు ఒకే గొట్టమునకు కలిసియుండుటచే ఒకచోటి అడ్డము ఇరుగుపొరుగు గదులను కూడ మూసివేయును. దీనికితోడు మూత్రములోని లవణములు గొట్టపు లోగోడలకు గట్టిపొరగా పట్టి దారిని నానాటికి ఇరుకు చేయును. ఆ పొరను నేలమీద ఆమ్లముతో కరిగించి తీయవలెను. ఆ పని సకాలమున జరుగనిచో, ప్రయాణికుడు వేసిన చిన్నకాగితమే పెద్ద నేరముగా కనబడును.

ఇక చేతికాగితము వేయవలసిన బుట్ట ఎచట నున్నది? చేతులు కడుగుకొను తొట్టి సమీపమున, గోడలో కలిసిపోయిన ఒక రేకుతలుపు వెనుక. తెలియనివాడు దానిని గోడయే యనుకొనును. ఎదుట నోరు తెరచియున్న దొడ్డిలో కాగితము వేయును. ఇందు వాని తప్పేమున్నది?

ఇట్టి పనులు చదువురాని కూలివారివల్లనే జరుగునను మాట విని విని విసిగితిమి. 2025 మార్చి 5న చికాగో నుండి ఢిల్లీకి బయలుదేరిన ఎయిరిండియా విమానమును జ్ఞాపకము చేసుకొనుడు. 12 మరుగుదొడ్లలో 8 పనిచేయక, ఆ విమానము సముద్రము మీదనుండి వెనుదిరిగి, ఇంచుమించు పదిగంటలు గాలిలో గడిపి, బయలుదేరిన చోటనే దిగినది. గొట్టములలో పాలిథీను సంచులు, గుడ్డపీలికలు, బట్టలు దొరికినవని ఆ సంస్థయే ప్రకటించినది. అంతకుముందు ఇతర విమానములలో దుప్పట్లు, లోదుస్తులు, డైపర్లు సైతము దొరికినవనియు చెప్పినది. అది కోరుట్లనుండియు కామారెడ్డినుండియు కూలికి పోవువారి దారి కాదు. చదువును, సంపాదనయు, ఇంగ్లీషును గలవారు విశేషముగా ప్రయాణించు దారి. ఆ సందర్భమున ప్రయాణికులకు ఒక విజ్ఞప్తి మాత్రము వెలువడినది: మరుగుదొడ్లను వాటికి ఉద్దేశించిన పనికే వాడవలసినదని. అమెరికా ప్రయాణికునికి విజ్ఞప్తి, గల్ఫు ప్రయాణికునికి గద్దింపు!

అసలు మాట ఇప్పుడు చెప్పెదము. మన దేశమున పదవతరగతి ఉత్తీర్ణుడు కానివానికి ఇచ్చునది ఈసీఆర్ పాసుపోర్టు. అట్టివాడు గల్ఫునకు కొలువునకు పోవలెనన్న 1983 నాటి వలస చట్టము ననుసరించి ప్రభుత్వపు అనుమతి పొందవలెను. అనగా, ఇతనికి చదువు తక్కువ, ఇతనిని ఎవరైన మోసగింపవచ్చును, కనుక కనిపెట్టి యుండవలెనని ప్రభుత్వమే ఒప్పుకొనుచున్నది. ఆ పాసుపోర్టును టిక్కెట్టు బల్లవద్ద చూతురు, ఇమ్మిగ్రేషను బల్లవద్ద చూతురు, విమానద్వారమువద్ద మరల చూతురు. ఇందరు చూచి, ఇతనికి చదువు రాదని ఎరిగి, లోనికి పంపి, గంట తిరుగకముందే గోడమీది ఇంగ్లీషు సూచన చదువలేదని అతనిమీద మండిపడుట ఏ న్యాయము? నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల పురుషులును, కడప, గోదావరి జిల్లాలనుండి కువైటుకు ఇంటిపనికి పోవు స్త్రీలును మనుష్యులు కారా? ఆ స్త్రీల సంగతి తలచిన గుండె మండును. ఋతుకాలపు గుడ్డను ఎచట వేయవలెనో ఆమె ఎవరిని అడుగగలదు? ఎదురుగ నిలిచినది ఏ దేశస్థుడో, ఏ భాషవాడో! మా కంటబడిన సూచనలు ఇంగ్లీషులోను, అరబ్బీలోను, ఒకానొకప్పుడు హిందీలోను ఉన్నవి. హైదరాబాదు నేలమీదనుండి లేచిన విమానములో తెలుగక్షరము మాకు కనబడలేదు.

విమానము ఎగురుటకు ముందు నడుముపట్టీ బిగించు విధమును, నీటిలో పడినప్పుడు తొడుగుకొను చొక్కాను సిబ్బంది చేతులతో అభినయించి చూపుదురు. అది కావలసినదే, దానికి మేము అడ్డు చెప్పము. జన్మలో ఒక్కసారియు అక్కరకు రాని చొక్కాకు అంత అభినయము చేయువారు, ప్రతి ప్రయాణమునను ప్రతి మనుష్యునికిని అక్కరపడు గదినిగూర్చి పెదవి విప్పరేల? సిగ్గా? నలుగురిలో ఒక పేదవానిని నిలువబెట్టి తిట్టుటకు లేని సిగ్గు, నేర్పుటకు వచ్చినదా?

నేర్పకుండ ఇట్టి యంత్రమును వాడుకకు విడిచిన ఫలితము చరిత్ర చూపియే యున్నది. 1945 ఏప్రిల్ 14న జర్మనీవారి యూ-1206 అను జలాంతర్గామి స్కాట్లండు తీరమున మరుగుదొడ్డి కారణముగానే నశించినది. లోతునీటిలో పనిచేయునట్లు అమర్చిన ఆ దొడ్డి కవాటముల వరుస మిక్కిలి చిక్కైనదగుటచే, శిక్షణ పొందిన నావికులు తప్ప దానిని నడుపలేకపోయిరి. ఆ వరుస తప్పినదో, మర చెడినదో, సముద్రజలము లోనికి చొచ్చి బ్యాటరీలను తాకి విషవాయువు పుట్టినది. ప్రాణము దక్కించుకొనుటకై పైకి తేలిన నౌక శత్రువిమానముల కంటబడినది. యుద్ధనావికులకే శిక్షణ అవసరమైనచోట పొలము దున్నుకొను మనవానికి అక్కరలేదా? ఇక శుభ్రతమాటకు వచ్చిన, అమెరికా ప్రభుత్వపు తనిఖీ కార్యాలయము 2020లో తెలిపినదేమనగా, జార్జి బుష్, జెరాల్డ్ ఫోర్డ్ అను విమానవాహకనౌకలలో విమానములందలి పద్ధతినే పోలిన మరుగుదొడ్లు తరచుగ పూడుచుండుటచే, ఆమ్లముతో కడుగుటకు ఒక్కొక్కసారికి ఇంచుమించు 4 లక్షల డాలర్లు వ్యయమగుచున్నది. అంత ధనము, అంత క్రమశిక్షణ గలచోటనే గొట్టము పూడుచుండగా, ఇచట ఒక్క జగిత్యాల కుర్రవాని చేతికాగితమే సర్వానర్థమునకు మూలమని చెప్పువారి మాట నమ్మదగినది కాదు.

ఎన్ని భాషలలో చెప్పుదుమని కొందరందురు. శంషాబాదునుండి లేచు విమానమున మొదట తెలుగులో చెప్పుడు, చాలును. ఖర్చగునని మరికొందరందురు. ఒక్క విమానము ఒక్కసారి వెనుదిరిగిన నష్టముతో ఎన్ని వేల బొమ్మలు అచ్చువేయవచ్చునో వారే లెక్కించుకొందురు గాక.

మేము కోరునది ఇది. విదేశాంగశాఖ 2018లో ప్రారంభించిన ప్రయాణపూర్వ శిక్షణలో విమానపు మరుగుదొడ్డి నమూనా గది నొకదానిని నిలిపి, స్త్రీలకు స్త్రీలచేతను, పురుషులకు పురుషులచేతను, తెలుగులో చేసి చూపవలెను. శంషాబాదులో గల్ఫు విమానములకై జనము వేచియుండు చోట్ల తెలుగు మాటలతో చిన్న చిత్రము నాడింపవలెను. విమానపు గదిలో చెత్తబుట్ట తలుపును ఎఱ్ఱరంగుతోను బొమ్మతోను కనబడునట్లు చేయవలెను. గొట్టములలోని లవణపు పొరను నియమితకాలమున తీయవలెను. పూడిక తీయు శ్రామికునికి తగిన తొడుగులు, ముసుగు, శిక్షణ, జీతము ఈయవలెను. గొట్టము పూడినప్పుడు ఏ ప్రయాణికుని నలుగురిలో నిలువబెట్టి మాటాడరాదని సిబ్బందికి వ్రాతపూర్వకముగ ఆదేశింపవలెను. ఈ కోరికలక్రింద సంతకములు చేసి, ఊరూర గల్ఫునకు పోయినవారి యింట నొక్కొక్కరిచేతను చేయించి, విమానాశ్రయాధికారులకును, మన పార్లమెంటు సభ్యులకును పంపుడు.

అవి నెరవేరువరకు, రేపో మాపో బయలుదేరు అన్నలకు, అక్కలకు మా మనవి. కడుగుకొనుటకు నీళ్లసీసా కొనిపోవుటలో తప్పులేదు, సీసాను, మూతను మరల వెంట తెచ్చుకొనుడు. చుట్టగా నున్న పలుచని కాగితము మాత్రమే దొడ్డిలో వేయుడు. చేతులు తుడుచుకొను దళసరి కాగితమును, గుడ్డను, ప్యాడును, గుట్కా పొట్లమును, డైపరును చేతితొట్టి సమీపమున గోడలోనున్న రేకుతలుపు త్రోసి బుట్టలో వేయుడు. మూత దించి మీట నొక్కుడు. పెద్ద చప్పుడగును, భయపడవలదు. ఎవరైన కోపించిన యెడల, ఏ విమానము, ఏ తేది, ఏమన్నారో గుర్తుంచుకొని వచ్చి మాకు చెప్పుడు.