వంటింటి వేడి ఎక్కడికి పోతుంది?

ఇల్లు కట్టేటప్పుడు హాలుకు ఎన్ని కిటికీలు, ఎలివేషన్ ఎట్లా, పూజగది ఏ మూల అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. వంటింటి దగ్గరికి వచ్చేసరికి "ఆగ్నేయం మూలకు వస్తే చాలు" అని ముగిస్తాం. అక్కడ పుట్టే వేడి ఏ దారిన బయటికి పోవాలో ఎవరూ అడగరు. మా అచ్చంపేటలో నేను చూసిన స్లాబు ఇళ్ళలో చాలావాటికి వంటగదికి సింకు మీద ఒక చిన్న కిటికీ ఉంటుంది. అదీ పక్కింటి గోడకే తెరుచుకుంటుంది. ఎండాకాలంలో అందులో పూటపూటా నిలబడే మనిషి గురించే ఈ మాటలు.

నేను చదివింది బీఏ తెలుగు. అయినా మా అమ్మాయి ఇంటర్ కెమిస్ట్రీలో ఉష్ణగతిక శాస్త్రం పాఠం చదువుతుంటే, ఇది మన వంటింటి పాఠమే కదా అనిపించింది. మొదటి నియమం ఏమంటుందంటే, శక్తి కొత్తగా పుట్టదు, నశించదు, రూపం మాత్రం మార్చుకుంటుంది. రెండోది, వేడి తనంతట తాను వేడిగా ఉన్నచోటి నుంచి చల్లగా ఉన్నచోటికే పోతుంది. 1850లో క్లాసియస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని సూత్రంగా చెప్పాడు.

ఈ నియమాల నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. మన ఈగలపెంట దగ్గరి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. అవి కరెంటు తీయగలవు, తిరగేసి నడిపితే నీళ్ళను మళ్ళీ పైకి ఎత్తగలవు కూడా. కానీ ఎత్తడానికి పట్టే కరెంటు, ఆ నీళ్ళు దిగితే వచ్చే కరెంటు కన్నా ఎప్పుడూ ఎక్కువే. ఆ తేడా మాయమైపోదు, చివరికి వేడిగా మారుతుంది.

ఇక మన పొయ్యి సంగతి. సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. మండాలంటే ముందు పాత బంధాలు తెగాలి, దానికి కొంత శక్తి కావాలి. లైటర్ నిప్పురవ్వ చేసేది ఆ పనే. తర్వాత ఆక్సిజన్‌తో కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ శక్తి బయటపడుతుంది. ఆ మిగులే మన మంట. దీన్ని ఉష్ణమోచక చర్య అంటారు. సున్నం రాళ్ళ మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేది కూడా ఇందుకే. నిమ్మరసంలో తినేసోడా వేస్తే గ్లాసు కాస్త చల్లబడుతుంది, అది వేడిని లోపలికి లాక్కునే ఉష్ణగ్రాహక చర్య. మన దురదృష్టం, వంటింట్లో రెండో రకం చాలా తక్కువ.

లెక్క వేద్దాం. కిలో గ్యాస్ మండితే సుమారు 11,000 కిలో కేలరీల వేడి వస్తుంది. 14.2 కిలోల సిలిండర్ అంటే దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం. సిలిండర్ 36 రోజులు వస్తే రోజుకు 5 యూనిట్లు. అంటే 2,000 వాట్ల హీటరును రోజూ రెండున్నర గంటలు వంటగదిలో నడిపినట్టు. చలికాలంలో కాదు, మే నెలలో కూడా!

అదంతా గిన్నెలోకి పోదా అంటారేమో. మన దేశపు ప్రమాణాల ప్రకారం మంచి స్టవ్ కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. అంటే మూడో వంతు దాకా నేరుగా గదిలోకే. గిన్నెలోకి పోయిందీ ఆవిరై, చల్లారే కూరై మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. పైగా కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఒక్క సిలిండర్‌తో 20 లీటర్లకు పైగా నీళ్ళు వంటింటి గాలిలో కలుస్తాయన్నమాట.

ఇప్పుడు అక్కడ నిలబడ్డ మనిషిని చూడండి. ఆమె ఒళ్ళూ ఒక పొయ్యే. 1780లలో లవోయిజర్, లాప్లాస్ ఒక గినీపందిని మంచు మధ్య ఉంచి, కరిగిన మంచును కొలిచి, ఊపిరి తీయడం కూడా నెమ్మదిగా మండడమే అని తేల్చారు. ఊరికే కూర్చున్నా మనిషి ఒంటి నుంచి 100 వాట్ల బల్బంత వేడి వస్తుంటుంది. గది వేడి ఒంటి వేడిని దాటితే రెండో నియమం ప్రకారం వేడి మన లోపలికే వస్తుంది. అప్పుడు దిక్కు చెమట ఆరడమొక్కటే. గాలిలో ఆవిరి నిండితే చెమట ఆరదు. ఫ్యాన్ వేస్తే మంట రెపరెపలాడుతుంది. జొన్నరొట్టెలు చేసే రోజు పెద్దమంట, కాలే పెనం, ఆపేసిన ఫ్యాన్. నలభై దాటి ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు లేచే వయసు ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వడదెబ్బ గడప దాటినవాళ్ళకే తగలదు.

"మా కాలంలో కట్టెల పొయ్యి ముందు వండలేదా?" అంటారు పెద్దవాళ్ళు. వండారు, పొగకు కళ్ళు, ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. 1999లో దీపం పథకం వచ్చి ఎందరికో ఆ పొగ తప్పించింది. మంచిదే. కానీ ఆ పొయ్యి చాలా ఇళ్ళలో వాకిట్లోనో, పెంకుల కిందనో ఉండేది. పెంకుల సందుల్లోంచి పొగతో పాటు వేడీ పోయేది. మనం పొగను తీసేసి, స్లాబు వేసి, వేడికి తలుపు మూసేశాం.

కాబట్టి నా మాట ఒక్కటే. వేడిని మాయం చేయలేం, దారి మాత్రం చూపించగలం. వేడిగాలి పైకి పోతుంది గనుక వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్లాబు దగ్గరగా ఉండాలి. చల్లగాలి రావడానికి ఎదురుగా, కిందుగా ఒక కిటికీ ఉండాలి. ఇది లేకుండా ఎగ్జాస్ట్ పెట్టినా సరిగ్గా లాగదు. ఫ్రిజ్ తన లోపలి వేడిని బయటికి తోస్తుంది, వాడిన కరెంటునూ వేడి చేసి వదులుతుంది. దాన్ని వంటగదిలోంచి తీసేయండి. పప్పు నానబెట్టండి, మూత పెట్టండి. మరిగే నీళ్ళు పెద్దమంట పెట్టినా 100 డిగ్రీలు దాటవు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. మరిగాక సిమ్‌లో పెడితే చాలు.

ఇవన్నీ మనం చేసుకోగలిగినవి. గోడకు రంధ్రం పెట్టించడం మాత్రం ఇంట్లో అందరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. హాలుకు కూలర్ కొనే డబ్బులో కొంత వంటింటి గోడకు పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. ప్లాన్ గీసేరోజు మేస్త్రీని, ఇంటాయనను ఎదురుగా కూర్చోబెట్టి అడగండి: "ఈ గదిలో వేడి ఎటు పోతుంది?" జవాబు రాకపోతే, అది మన ఒంట్లోకే పోతుందని అర్థం.